ముందు వరుసలో అత్త

పాత జపాను కుస్తీ ప్రసారాల సమీక్షా సంఘం తన నియమావళిలోని తొమ్మిదో నిబంధనను గత నెల సవరించిందని సభ్యులకూ అభిమానులకూ ఇరుగుపొరుగువారికీ ఇందుమూలంగా తెలియజేస్తున్నాను. సవరించిన నిబంధన ఇలా ఉంటుంది: "జపాను భాష చదవడం గాని, రాయడం గాని, విని అర్థం చేసుకోవడం గాని వచ్చినవారు సంఘ సభ్యత్వానికి అనర్హులు." జపాను ప్రసారాలను సమీక్షించే సంఘానికి ఇలాంటి నిబంధన ఏమిటని కొందరు గొణుగుతున్నారు. గొణుగుడు ముదరకముందే జరిగింది జరిగినట్టు చెప్పడం నా విధి.

నేను సంఘ కార్యదర్శిని. వృత్తిరీత్యా నోటరీ దగ్గర టైపిస్టుని. ఊరందరి అబద్ధాల కిందా "నాకు తెలిసినంతవరకూ, నేను నమ్మినంతవరకూ ఇది నిజం" అని ముప్పై ఏళ్ళుగా టైపు కొట్టి కొట్టి నా వేళ్ళు అరిగిపోయాయి. కాబట్టి నా మాటను ఎవరూ శంకించనక్కరలేదు.

మా సంఘానికి పదమూడు మంది సభ్యులు, అరవై నాలుగు వీడియో కాసెట్లు ఉన్నాయి. కాసెట్లను తెచ్చినది మా సభ్యుడైన ఓడ వంటవాడు. ఏదో రేవులో ఇల్లు ఖాళీ చేస్తున్నవాళ్ళు పెట్టెడు కాసెట్లు వీధిలో పెడితే, ఉత్త కాసెట్లేమో అనుకుని ఎత్తుకొచ్చాడు. తీరా చూస్తే ఎవరో మహానుభావుడు తన ఇంటి టీవీలో వచ్చిన కుస్తీ పోటీలన్నిటినీ ఏళ్ళ తరబడి వాటిలో నింపుకున్నాడు. ఆ మహానుభావుడి పేరు మాకు తెలియదు. అయినా ఏటా ఒకసారి ఆయనకు సన్మానం చేసి, శాలువాను ఖాళీ కుర్చీకి కప్పుతాం. శాలువా ఒకటే కావడం వల్ల మర్నాడు వెనక్కి తీసేసుకుంటాం.

ప్రతి ఆదివారం పది గంటలకు కూర్చుని ఒక పోటీ చూస్తాం. చూసినదాన్ని సమీక్షిస్తాం. ఐదు చుక్కలకు ఇన్ని చుక్కలని ఇస్తాం. చూడటానికి అరగంట, సమీక్షించడానికి మూడు గంటలు పడుతుంది. నలభై ఏళ్ళ కిందట అక్కడెక్కడో ముగిసిపోయిన పోటీలో ఫలానా వస్తాదు కుడికాలు బదులు ఎడమకాలు పట్టుకుని ఉంటే బాగుండేదని మేము ఏకగ్రీవంగా సలహా ఇస్తాం. ఆ సలహాను ఇంతవరకూ ఎవరూ తిరస్కరించలేదు.

టీవీ ప్రసారం అన్నాక మధ్యలో ప్రకటనలు తప్పవు. పదిహేడో కాసెట్టులో ఒక వస్తాదు నిక్షేపంగా నిలబడి ఉండగా సబ్బు ప్రకటన మొదలైంది. సబ్బు అయిపోయేసరికి ఆయన నుదుటి మీద నుంచి రక్తం కారుతోంది. ఈ మధ్యలో ఏం జరిగిందో తేల్చడానికి ఐదుగురు సభ్యులతో ప్రకటనల ఉపసంఘం వేశాం. పదకొండేళ్ళు విచారించి, రక్తానికీ సబ్బుకీ సంబంధం లేనట్టు కనబడుతోందని వాళ్ళు మధ్యంతర నివేదిక ఇచ్చారు. తుది నివేదికకు గడువు కోరారు, ఇచ్చాం.

నలభై మూడో కాసెట్టుది ఇంకో ఘనత. అందులో ఇద్దరు వస్తాదులు ఒకరినొకరు పట్టుకుని చెమటలు కక్కుతున్న వేళ, తెర అడుగున జపాను అక్షరాలు రెండు వరుసలుగా కుడి నుంచి ఎడమకు పాకుతూ పోయాయి. మా ఉపాధ్యక్షుడు తాళాలాయన, అంటే వీధి చివర తాళాలు బాగుచేసే ఆయన, బొమ్మను ఆపించి ఆపించి, మూడు నెలలు కష్టపడి ఆ అక్షరాలన్నీ నల్ల సిరాతో కాపీ చేశాడు. అంత మంచి ఘట్టంలో వచ్చాయి కాబట్టి అది వీరరస పద్యమే అయి ఉంటుందని తీర్మానించి, ఫ్రేము కట్టించి గోడకు తగిలించాం. సమావేశం మొదలయ్యే ముందు అందరం లేచి నిలబడి దాన్ని అరనిమిషం మౌనంగా చూస్తాం. కొందరికి కళ్ళు చెమరుస్తాయి కూడా.

ఇక మా అధ్యక్షుడి గురించి చెప్పాలి. ఆయన తూనికలు, కొలతల శాఖలో తనిఖీదారుగా పనిచేసి రిటైరయ్యాడు. ఉద్యోగమున్నంత కాలం కొట్టు కొట్టుకూ తిరిగి త్రాసులు సరిగ్గా ఉన్నాయో లేదో చూసి ముద్ర వేశాడు. అందుచేత ఆయనిచ్చే చుక్కలు మనబోటివాళ్ళ చుక్కల్లా మూడూ, మూడున్నరా అని మోటుగా ఉండవు. మూడుంబావు, మూడూ ముప్పావు, ఒకసారైతే మూడూ ముప్పావు మీద వీసం కూడా ఇచ్చాడు. ఆ వీసం ఎందుకిచ్చారని అడిగితే గంటన్నర వివరించి మాకూ చుక్కలు చూపించాడు. ఊళ్ళో అందరూ ఆయన్ని చుక్కలాయన అనే పిలుస్తారు. ముప్పై ఒక్క ఏళ్ళలో రెండు వందల పన్నెండు సమీక్షలు రాసి, ఐదు చుక్కలు మాత్రం ఎవరికీ ఇవ్వని మనిషి ఆయన.

చుక్కలాయనకు ప్రపంచంలో లోటల్లా ఒక్కటే. ఆయన పెళ్ళయిన మర్నాటి నుంచీ అత్తగారింట్లోనే ఉంటున్నాడు. అత్తగారు బడిలో లెక్కలు చెప్పి హెడ్మాస్టరుగా దిగిపోయిన మనిషి. ఇల్లు ఆవిడది, టీవీ ఆవిడది, కాసెట్లు ఆడించే యంత్రం ఆవిడది. పూలగుడ్డతో తనే కుట్టిన గలీబు తొడిగి దాన్ని పసిబిడ్డలా చూసుకుంటుంది. దాని మీటలు ఆవిడ తప్ప ఇంకొకరు నొక్కడానికి వీల్లేదు. అందువల్ల సంఘ సమావేశాలన్నీ ఆవిడ ముందుగదిలోనే జరుగుతాయి. ఆవిడ యంత్రం పక్కన చెక్క కుర్చీలో కూర్చుని, ఆపమంటే ఆపి, వెనక్కి తిప్పమంటే తిప్పి, మూడు గంటలూ ఒక్క ముక్క మాట్లాడకుండా ఉంటుంది. రెండు వందల పన్నెండు సమీక్షల్లో ఒక్కదాని గురించైనా "బాగుంది" అన్న పాపాన పోలేదు. "బాగాలేదు" అని కూడా అనలేదు. అసలావిడ అల్లుడితో నేరుగా మాట్లాడదు.

"మీ ఆయనకి చెప్పమ్మా, ఆ స్టూలు మీద కాళ్ళు పెట్టొద్దని," అంటుంది కూతురితో. స్టూలు ఆవిడకు రెండడుగుల దూరంలో ఉంటుంది, దాని మీద కాళ్ళున్న అల్లుడూ అక్కడే ఉంటాడు.

"స్టూలు మీద కాళ్ళు పెట్టొద్దంటోంది అమ్మ," అంటుంది భార్య.

"తీసేశానని చెప్పు," అంటాడు చుక్కలాయన.

"తీసేశారట," అంటుంది భార్య. ఆవిడ టెలిఫోను ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా చేసి రిటైరయింది. ఇంట్లో మాత్రం ఇంకా రిటైరు కాలేదు.

ఆ ఒక్క మాట కోసం, అత్తగారి నోటి నుంచి వచ్చే "బాగుంది" కోసం, చుక్కలాయన తన జీవితంలో అతి పెద్ద పని తలపెట్టాడు. అదే యాభై ఒకటో కాసెట్టు.

ఆ కాసెట్టులో ఎర్ర చెడ్డీ వస్తాదుకూ నల్ల చెడ్డీ వస్తాదుకూ ఇరవై మూడు నిమిషాల పోటీ జరుగుతుంది. ఎర్ర చెడ్డీ చిన్నవాడు, నల్ల చెడ్డీ బీరువా అంత ఉంటాడు. చిన్నవాడు పడతాడు, లేస్తాడు, మళ్ళీ పడతాడు, చివరికి ఎలాగో గెలుస్తాడు. ఇలాంటివి మా దగ్గర యాభై ఉన్నాయి. అయితే ఇందులో దెబ్బ పడ్డప్పుడల్లా వ్యాఖ్యాత గొంతు చించుకుని "అత్తా! అత్తా!" అని అరుస్తాడు. మా చెవులతో మేము విన్నాం. పదమూడు మందిమీ విన్నాం. అదే సమయంలో కెమెరా పక్కకు తిరిగితే ముందు వరుసలో ఒక ముసలావిడ కనబడుతుంది. ఒళ్ళో గొడుగు పెట్టుకుని, ప్రపంచంలో ఏదీ తనకు నచ్చలేదన్నట్టు కూర్చుని ఉంటుంది.

చుక్కలాయన ఆవిణ్ణి చూసిన క్షణంలోనే గుర్తుపట్టాడు. ఆవిడ ఎర్ర చెడ్డీకి అత్తగారు. ఆవిడ మెప్పు కోసమే ఆ పిచ్చివాడు ఇరవై మూడు నిమిషాలు తన్నులు తింటున్నాడు. వ్యాఖ్యాతకు ఆ కుటుంబం సంగతులు తెలుసు కాబట్టి, ఒక్కో దెబ్బ పడ్డప్పుడల్లా "అత్తా, చూడవమ్మా" అని ఆవిణ్ణి వేడుకుంటున్నాడు. ఈ సిద్ధాంతం విన్నరోజు సభ్యుల్లో పెళ్ళయినవాళ్ళందరూ ఒక్కొక్కరే లేచి వచ్చి ఆయన చెయ్యి పట్టుకున్నారు.

తాళాలాయన మాత్రం ఒప్పుకోలేదు. ఆయన దృష్టిలో అత్త అన్నది మనిషి కాదు, ఒక పట్టు పేరు. ఒకసారి బిగిస్తే మళ్ళీ ఊపిరాడనివ్వదు కాబట్టి ఆ పేరు వచ్చింది. ఇలా సంఘం రెండుగా చీలింది. అత్త అనేది వరుస అన్నవాళ్ళు వరుసవాదులు, పట్టు అన్నవాళ్ళు పట్టువాదులు. ఆరేళ్ళ పాటు ఈ రెండు వర్గాలూ ఒకే బల్ల మీద కప్పులు కూడా పెట్టుకోలేదు. అక్కడెక్కడో ఉన్నవాళ్ళు మన మాటలో ఎందుకు అరుస్తారని కొత్తగా చేరిన దర్జీ ఒకసారి అడిగాడు. ఆ ప్రశ్న విషయంలో మాత్రం రెండు వర్గాలూ కలిసి అతన్ని మందలించాయి.

చుక్కలాయన నాలుగేళ్ళు శ్రమించి "అత్త: ఒక సమగ్ర సమీక్ష" అనే నూట నలభై పేజీల గ్రంథం రాశాడు. టైపు నేనే కొట్టాను. అందులో ఎర్ర చెడ్డీ పడిన ప్రతి పాటు, ముసలావిడ ప్రతి కనురెప్ప నిమిషం, సెకను సహా ఉన్నాయి. ఆఖరి పేజీలో, ఇరవై రెండు నిమిషాల నలభై ఒకటో సెకను దగ్గర ఆవిడ పెదవి కుడివైపు కదిలిందనీ, అది చిరునవ్వేననీ నిరూపించి, చరిత్రలో మొదటిసారిగా ఐదు చుక్కలు ప్రకటించాడు. ఆవిష్కరణకు ముందే ఒక ప్రతిని తీసుకెళ్ళి అత్తగారి కుర్చీలో పెట్టాడు. మర్నాడు చూస్తే కుర్చీలో పుస్తకం లేదు. అంతకుమించి ఏ సమాచారమూ లేదు. భార్యను అడిగితే అటునుంచి ఏ కబురూ రాలేదంది.

ఆవిష్కరణ సభకు ముఖ్య అతిథి కావాలి. ఇక్కడ జరిగిన పొరపాటు పూర్తిగా నాదే. మా ఇంటి వెనక వాటాలో ఒక అమ్మాయి కొత్తగా దిగింది. కుట్టుమిషన్ల కంపెనీలో జపాను ఉత్తరాలు అనువాదం చేసే ఉద్యోగం. భాషావేత్త వేదిక మీద ఉంటే సభకు నిండుదనం వస్తుందని ఆశపడి పిలిచాను. నిండుదనం కోసం పిలిచిన మనిషి నోరు విప్పుతుందని ఎవరనుకుంటారు?

ఆదివారం పది గంటలకు ముందుగది కిటకిటలాడిపోయింది. దర్జీ దుకాణం నుంచి అదనంగా నాలుగు బల్లలు వచ్చాయి. అమ్మాయి వచ్చి ముఖ్య అతిథి కుర్చీలో కూర్చుంది. మేమంతా లేచి ఫ్రేము వైపు తిరిగి మౌనం పాటిస్తుంటే తనూ లేచి నిలబడింది. ఫ్రేము చూసి పెదవులు బిగపట్టుకుంది. భక్తి అనుకున్నాను.

చుక్కలాయన ఇస్త్రీ చొక్కాతో లేచి ఉపన్యసించాడు. "సోదర సమీక్షకులారా! మానవుడు ఎందుకు పడతాడు? లేవడానికి. ఎందుకు లేస్తాడు? ఎవరో ఒకరు చూస్తున్నారని. ఆ చూసేవారెవరు? నలభై ఏళ్ళుగా కుస్తీ లోకాన్ని వేధిస్తున్న ఈ ప్రశ్నకు సమాధానం ముందు వరుసలో ఉంది!" ఈ మాట అంటూ ఓరకంట యంత్రం వైపు చూశాడు. అత్తగారు కాసెట్టు పెట్టె మూత దుమ్ము తుడుచుకుంటోంది.

తర్వాత ఆవిడ మీట నొక్కింది. ఎర్ర చెడ్డీ గాలిలోకి ఎగిరి నల్ల చెడ్డీ గుండెల మీద రెండు పాదాలతో తన్నాడు. వ్యాఖ్యాత అరిచాడు. వరుసవాదులు చప్పట్లు కొట్టారు. నేను ముఖ్య అతిథిని నాలుగు మాటలు చెప్పమన్నాను. మర్యాదకి నాలుగు మాటలంటాం గానీ, రెండు మాటల్లో సంఘాన్ని కూలుస్తుందని నాకేం తెలుసు?

"చాలా సంతోషంగా ఉందండీ," అంది ఆ అమ్మాయి. "కానీ బాబాయిగారూ, అతను అత్తా అనట్లేదు. అతత్తా అంటున్నాడు. మధ్యలో ఉన్న తకారాన్ని టేపు మింగేసింది. అతత్తా అంటే తగిలింది అని."

"ఏం తగిలింది?" అన్నాడు ఓడ వంటవాడు.

"దెబ్బ."

చుక్కలాయన నిలుచున్నవాడు నిలుచున్నట్టే ఉండిపోయాడు. చేతిలో గ్రంథం ఉంది, గ్రంథం అట్ట మీద పెద్దక్షరాలతో అత్త ఉంది. ఆ సమయంలో ఆయన ముఖం చూడలేక నేను తల దించుకుని సభా నివేదికలో తేదీ రెండోసారి రాశాను.

తాళాలాయన మాత్రం పట్టరాని ఆనందంతో లేచాడు. "నేను మొదట్నుంచీ చెప్తూనే ఉన్నా! వరుస కాదు, కాదు అని మొత్తుకుంటే విన్నారా? చూశారా, చదువుకున్న పిల్ల ఎంత చక్కగా తేల్చేసిందో! ఏదమ్మా, ఇలా రా, ఆ పద్యం కూడా చదివి అర్థం చెప్పు. అందరూ వినండి."

"వద్దులెండి బాబాయిగారూ," అంది అమ్మాయి.

"మొహమాటపడకు. అది నా స్వహస్తాలతో రాసింది."

అమ్మాయి అందరి ముఖాలూ చూసి, తప్పదన్నట్టు ఫ్రేము దగ్గరికెళ్ళి చదివింది. "భారీ వర్షాల వల్ల కొన్ని రైళ్ళు ఆలస్యంగా నడుస్తున్నాయి. ప్రయాణికులు గమనించగలరు."

ఇరవై ఏళ్ళుగా మేము లేచి నిలబడి కన్నీళ్ళు పెట్టుకున్నది రైళ్ళ రాకపోకల గురించని తెలిసినప్పుడు సంఘం ఎంత హుందాగా ప్రవర్తించిందో చెబితే మీరు నమ్మరు. ముందుగా తేరుకున్నది దర్జీ. "అయితే మాత్రం ఏమైంది?" అన్నాడు. "వర్షం, ఆలస్యం, ఎదురుచూపు. ఇది విరహం కాకపోతే మరేమిటి?" గదిలో ప్రాణం లేచొచ్చింది. వీరరసం అనుకున్నది శృంగారమని తేలింది, అంతే కదా అని అందరూ ఊపిరి పీల్చుకున్నారు.

ఆ తర్వాత పని చకచకా నడిచింది. పది నిమిషాల కిందట అమ్మాయిని ఆకాశానికెత్తిన తాళాలాయనే ఆమె మాటను ఖండిస్తూ తీర్మానం ప్రతిపాదించాడు. "భాష వచ్చినంత మాత్రాన అర్థం తెలిసినట్టు కాదు. భాష వచ్చినవారు మాట మీదే చూపు పెడతారు గనుక వారికి భావం అందదు. భావం అందాలంటే భాష రాకపోవడం ప్రాథమిక అర్హత. కావున అతత్తా అను శబ్దమునకు అత్త అనియే అర్థమని ఈ సభ తీర్మానించుచున్నది." ఆరేళ్ళు అత్తను పట్టు అని వాదించినవాడు ఒక్క నిమిషంలో వరుసవాది అయిపోయాడు. పట్టువాదులంతా ఆయన వెంటే నడిచారు. సంఘంలో ఇంత ఐకమత్యం నేను అదివరకెన్నడూ చూడలేదు. చెప్పొద్దూ, నాకు గర్వంగానే ఉంది.

అనుకూలంగా ఉన్నవాళ్ళు చేతులెత్తమన్నాను. పన్నెండు చేతులు లేచాయి, అందులో నాదొకటి. వ్యతిరేకులు ఎవరైనా ఉన్నారా అని ఆనవాయితీ ప్రకారం అడిగాను.

ఒక చెయ్యి లేచింది. అది చుక్కలాయనది.

"అధ్యక్షా, ఇది మీ సిద్ధాంతమే," అన్నాను.

"తెలుసు," అన్నాడు. "ఆ అమ్మాయి ఎవరికోసమూ అబద్ధం చెప్పక్కర్లేదు. నేను ముప్పై నాలుగేళ్ళు త్రాసులు చూశాను. ముల్లు పక్కకి పోతే, కొట్టు మా మామయ్యదైనా సరే, ముద్ర వెయ్యలేదు. ఇప్పుడు నా సొంత త్రాసు తప్పని తెలిశాక దానికెలా వెయ్యను? పుస్తకం వెనక్కి తీసుకుంటున్నాను. అందరూ క్షమించాలి."

"అలా కుదరదు," అన్నాడు తాళాలాయన. "సిద్ధాంతం ఇప్పుడు సంఘానిది. రచయిత అభిప్రాయంతో దానికి పనిలేదు." పన్నెండు మందీ బల్లలు చరిచి హర్షం ప్రకటించారు.

తీర్మానం ఒకటికి పన్నెండు ఓట్లతో నెగ్గింది. చుక్కలాయన బల్లల మీద పేర్చిన ప్రతులను ఒక్కొక్కటే ఏరి సంచిలో వేసుకుంటున్నాడు. నాలుగేళ్ళ కష్టం అలా సంచిలోకి పోతుంటే నాకు నిజంగానే జాలేసింది. అయితే చెయ్యి ఎత్తేశాను కాబట్టి దించడానికి నిబంధనల్లో దారి లేదు.

అప్పుడు చెక్క కుర్చీ కిర్రుమంది. అత్తగారు కూతురి వైపు తిరిగింది.

"మీ ఆయనకి చెప్పమ్మా..."

"అమ్మా, లైను బిజీగా ఉంది," అంది కూతురు. "ముప్పై ఒక్క ఏళ్ళు కలిపాను, ఇంక నావల్ల కాదు. ఆయన ఎదురుగానే ఉన్నారు, నువ్వే మాట్లాడుకో."

అత్తగారు కళ్ళజోడు తీసి తుడుచుకుంది, మళ్ళీ పెట్టుకుంది. ఎనభై ఏళ్ళ హెడ్మాస్టరుకు కూడా మాట వెతుక్కునే రోజు ఒకటి వస్తుందని ఆ రోజే చూశాను.

"అల్లుడుగారూ," అంది చివరికి. "మీ పుస్తకం మొత్తం చదివాను. అచ్చుతప్పులు ఏడున్నాయి." ఇక్కడ నావైపు చూసింది. "ఆ ఎర్ర చెడ్డీ అబ్బాయి పన్నెండుసార్లు పడ్డాడని రాశారు. పద్నాలుగుసార్లు పడ్డాడు. నేను లెక్కపెట్టాను. ఆ ముసలావిడ నవ్విందని రాశారు. నవ్వలేదు, పంట్లో ఏదో ఇరుక్కుంది. అసలావిడ అత్తో, టిక్కెట్టు కొనుక్కుని వచ్చిన మామూలు మనిషో నాకూ తెలీదు. అతను పడ్డప్పుడల్లా గొడుగు మాత్రం బిగించి పట్టుకుంది. అది మీరు రాయలేదు. అలాంటివి అంత దగ్గర కూర్చున్నవాళ్ళకే తెలుస్తాయి."

చుక్కలాయన సంచి కింద పెట్టాడు.

"ఐదు చుక్కలు ఎక్కువ," అంది ఆవిడ. "మధ్యలో మూడు నిమిషాలు ఇద్దరూ కాళ్ళు పట్టుకుని పడుకున్నారు. నాలుగున్నర చాలు. కానీ బళ్ళో నేనెప్పుడూ ఒక పద్ధతి పెట్టుకున్నాను. లెక్క తప్పు రాసి తనే కొట్టేసుకున్న పిల్లవాడికి సున్నా వెయ్యను. అందరూ సరే సరే అంటుంటే మీరొక్కరే లేచి కొట్టేసుకున్నారు. బాగుంది."

ఆ మాట విని చుక్కలాయన ఏడ్చాడు. రెండు వందల పన్నెండు పోటీలను కంట తడి లేకుండా తూచిన మనిషి పలకా బలపం పోగొట్టుకున్న పిల్లాడిలా ఏడ్చాడు. భార్య కొంగు అందించింది. అత్తగారు కాసెట్టు వెనక్కి తిప్పడం మొదలుపెట్టింది. సభ్యురాలు కాని వ్యక్తి మాటలు నివేదికలోకి ఎక్కించకూడదని నిబంధన. అయినా ఎక్కించాను. అచ్చుతప్పులు లేకుండా చూసుకున్నాను.

తరవాతి పరిణామాలు కూడా నమోదు చేయాలి. అమ్మాయి సంఘంలో చేరతానని దరఖాస్తు పెట్టింది. మాకు ఒళ్ళు మండింది. ఇన్నాళ్ళూ చదివిన భాషను పూర్తిగా మరిచిపోయినట్టు ధ్రువపత్రం తెస్తే పరిశీలిస్తామన్నాను. ఆమె ఏమీ నొచ్చుకోలేదు.

"మా ఆఫీసులోనూ ఇంతేనండీ," అంది నవ్వుతూ. "ఉత్తరం రాగానే అందరూ మీటింగు పెట్టి అందులో ఏముండాలో తేల్చేస్తారు. ఆ తర్వాత నన్ను పిలిచి అనువాదం చెయ్యమంటారు. పోయిన నెల వాళ్ళు సూదులు విరుగుతున్నాయని తిట్టి రాస్తే, మా మేనేజరుగారు దాన్ని ప్రశంసాపత్రం అని నోటీసుబోర్డుకి పెట్టించారు."

మాలాంటివాళ్ళు పెద్ద కంపెనీల్లో కూడా ఉన్నారని విని సంఘం పులకించిపోయింది. ఆ మేనేజరుకు గౌరవ సభ్యత్వం ఇచ్చాం. వెంటనే తొమ్మిదో నిబంధన సవరించాం.

నిబంధనకు మొదట బలైనది మా అధ్యక్షుడే. చుక్కలాయన ఇప్పుడు రోజూ సాయంత్రం ఆ అమ్మాయి దగ్గర జపాను అక్షరాలు దిద్దుతున్నాడు. పక్కనే అత్తగారూ దిద్దుతుంది, ఆవిడకు మార్కులు ఎక్కువ వస్తున్నాయట. ఇద్దరూ ముందుగదిలో కూర్చుని ఒకే కాసెట్టును పదిసార్లు తిప్పుకుంటూ, అది తగిలిందా తగల్లేదా అని నేరుగా, మధ్యవర్తి లేకుండా, వీధిలోకి వినబడేలా వాదించుకుంటున్నారు. భార్య హాయిగా వసారాలో కూర్చుని గోళ్ళు కత్తిరించుకుంటోంది. చుక్కలాయన్ని నిబంధన ప్రకారం మేము సభ్యత్వం నుంచి తొలగించాం. తొలగించాక గుర్తొచ్చింది, గదీ టీవీ యంత్రమూ ఆ ఇంటివేనని. కాసెట్లు మాత్రం సంఘానివే కాబట్టి తెచ్చి తాళాలాయన దుకాణంలో పెట్టి తాళం వేశాం. చుక్కలాయనకు కాసెట్టు ఎరువు కావాలంటే చీటీ రాసి ఒక్కొక్కటే పట్టుకెళ్తాడు. పట్టుకెళ్ళిన ప్రతిసారీ సమయానికి తెచ్చిచ్చేస్తాడు, ఆ విషయంలో ఫిర్యాదు లేదు.

యంత్రం లేకపోవడం సంఘానికి లోటు అనుకుంటారేమో. ఎంతమాత్రం కాదు. ఇప్పుడు కాసెట్టును బల్ల మీద పెట్టి, దాని చుట్టూ కూర్చుని సమీక్షిస్తున్నాం. చూడాల్సిన అరగంట కలిసొచ్చింది. అభిప్రాయభేదాలు తగ్గాయి. వారానికి ఒకటి పూర్తి కావడమే గగనంగా ఉన్న చోట నాలుగు పూర్తవుతున్నాయి. ప్రకటనల ఉపసంఘం కూడా తుది నివేదిక సమర్పించింది, సబ్బే కారణమని.

చివరగా పాఠకులకు ఒక మనవి. ఇదంతా చదువుతూ మీరు మమ్మల్ని చూసి నవ్వుకున్నారని నాకు తెలుసు. అమ్మాయి చెప్పిందే నిజమనీ, మా పన్నెండు మందిమీ మూర్ఖులమనీ ఆ పేరా దగ్గరే తేల్చేశారు. మరి మీకు జపాను భాష వచ్చా? ఆ కాసెట్టు చూశారా? వ్యాఖ్యాత గొంతు ఒక్కసారైనా విన్నారా? ఏదీ లేకుండానే, కూర్చున్న చోటి నుంచి కదలకుండానే తీర్పు ఇచ్చేశారు. మీలాంటివారి కోసమే మేము వెతుకుతున్నాం. చుక్కలాయన్ని తొలగించాక పదమూడో కుర్చీ ఖాళీగా ఉంది. దరఖాస్తు పెట్టే శ్రమ కూడా మీకక్కరలేదు, ఈ నెల సభ్యుల జాబితాలో మీ పేరు టైపు చేసేశాను.